వందేసి రెండు కట్టలు

పోయిన వారం టెక్కలి సంతలో, బండి మీద ఎన్ని కాయలున్నాయని ఎవరో అడిగితే, ఒక కొబ్బరికాయల వ్యాపారి "వంద" అన్నాడు. ఆ బేరంతో నాకు సంబంధం లేదు. అయినా నా నోటి నుంచి "ఏ వంద?" అన్న మాట వెలువడింది. వ్యాపారి నన్ను ఎగాదిగా చూసి, "తవరికీ తెలుసునేటి బాబూ!" అని నవ్వాడు.

ఆ ప్రశ్న నాది కాదు. ఎనిమిది నెలల క్రితం పోయిన ఒక మనిషిది.

ఆయన పేరు రాయను. రాస్తే ఎరిగినవాళ్లు తలా ఒక కథ చేరుస్తారు. ఇప్పటికే ప్రచారంలో ఉన్న కథల్లో సగం కొట్టివేయవలసినవి. నేను బడిలో ఫిజిక్సు, కెమిస్ట్రీ చెప్పి బతికినవాణ్ణి. త్రాసులో తూగని బరువును బరువని ఒప్పుకోను. కనుక నేను చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు, ఊహించింది ఊహ అని చెప్పి మరీ రాస్తాను.

ఆయన మా టెక్కలి బడిలో లెక్కల మేష్టారు. ఉద్దానంలో, వజ్రపుకొత్తూరుకు ఇవతల, సముద్రపు హోరు వినిపించే ఒక పల్లె ఆయనది. కూర్చున్న మనిషిగా ఆయన నాకు గుర్తులేడు. ఉపాధ్యాయుల గదిలో ఆయన కుర్చీ మీద మా గొడుగులు ఆరుతూ ఉండేవి. మధ్యాహ్నం తెచ్చుకున్న అన్నం కిటికీ దగ్గర నిలబడే తినేవాడు. చేతిలో సుద్దముక్క ఉంటే, ఇక విరవడానికి వీల్లేనంత చిన్నదయ్యేదాకా దాన్ని విరుస్తూనే ఉండేవాడు. చెప్పుల వెలుపలి అంచులు మాత్రమే అరిగేవి. నల్లబల్ల ఈ చివర మొదలుపెట్టిన లెక్క ఆ చివరకు చేరేసరికి పిల్లలు తలలు తిప్పి తిప్పి అలిసిపోయేవారు.

ఆయన నడుస్తూ ఉంటేనే హెచ్చవేతలు ఒప్పుగా చేయగలడని ఊళ్లో ఒక ప్రతీతి ఉండేది. ప్రతీతి అన్న మాట వినగానే నాకు చేతులు దురదపెడతాయి. ఒక శనివారం ప్రయోగశాల తలుపు వేసి, గడియారం పట్టుకుని, అయిదు లెక్కలు నడుస్తూ, అయిదు లెక్కలు స్టూలు మీద కూర్చుని చేయించాను. నడుస్తూ చేసినవి అయిదూ ఒప్పు. కూర్చుని చేసినవాటిలో రెండు తప్పు. అయిదేసి ప్రయోగాలతో ఏదీ రుజువు కాదని, కనీసం మరో యాభై చేయాలని నేను అంటూ ఉండగానే, "రుజువు ఒగ్గీయండి మేష్టారూ, ముందు నన్ను లేవనియ్యండి" అన్నాడు.

మరొక ప్రతీతి: రోజూ పొద్దు పొడవకముందే రావివలస ఎండల మల్లికార్జునుడి దాకా నడిచి, తిరిగి వచ్చి, బడికి వస్తాడని. విచారించాను. రోజూ కాదు, మద్రాసు నుంచి ఉత్తరం రావలసి ఉన్న రోజుల్లో మాత్రమే. భక్తి అందామా అంటే, లోపలికి రావడం తాను చూడలేదని పూజారే చెప్పాడు. అక్కడిదాకా వెళ్లి, వెనక్కి తిరిగేవాడట. వెనక్కి తిరగడానికి ఏదో ఒక గుర్తు కావాలి కాబట్టి గుడిని గుర్తు పెట్టుకున్నాడని నా ఊహ.

ఆ ఉత్తరం సంగతి చెప్పాలి. యూరపు యుద్ధం ముగిసిన కొత్త రోజులవి. ఆయన కాలేజీ చదువు మన మద్రాసు విశ్వవిద్యాలయం కింద జరగలేదు. ఒరియా ప్రాంతంలో, వేరొక విశ్వవిద్యాలయం కింద ఉండిన ఒక చిన్న రెండేళ్ల కాలేజీలో గణితం ప్రధానంగా చదివి ప్యాసయ్యాడు. ఇప్పుడు మద్రాసు వెళ్లి అర్థశాస్త్రంలో బి.ఏ. చదవాలని పట్టుపట్టాడు. ఆ రెండేళ్లను ఇక్కడివాళ్లు లెక్కలోకి తీసుకుంటే నేరుగా బి.ఏ.లో చేరవచ్చు, మరో రెండేళ్లలో పట్టా. తీసుకోకపోతే, బడిలో పాఠాలు చెబుతున్న మనిషి మళ్లీ మొదటి మెట్టు దగ్గర, ఇంటర్మీడియట్‌లో చేరాలి. ఇంగ్లీషుకూ తర్కశాస్త్రానికీ మద్రాసువాళ్లు అభ్యంతరం చెప్పలేదు. గణితం దగ్గరే పట్టుకున్నారు. ఆ కాలేజీలో గణిత బోధన కనీసం మూడు వందల గంటలు జరిగినట్టు రుజువు కావాలన్నారు.

రుజువు ఇవ్వవలసిన కాలేజీ అప్పటికే మూతపడింది. తుపానుకు కప్పు లేచిపోయి హాజరు పుస్తకాలు నాని ముద్దయ్యాయి. మిగిలింది ఒక్కటే ఆధారం. గంట పాఠాన్ని ఒకే కాగితంలో ఇమిడ్చి రాసుకోవడం ఈయన అలవాటు. ప్రతి కాగితం అడుగునా ఆ గణితాధ్యాపకుడు ఎర్ర సిరాతో పొట్టి సంతకం చేసేవాడట. అంటే ఎన్ని కాగితాలుంటే అన్ని గంటలు. వాటిని లెక్కించి, సైన్సు పట్టభద్రుడు ఒకడు సరిచూసి సంతకం చేసి పంపితే చాలునని మద్రాసు నుంచి జవాబు వచ్చింది. మా హెడ్మాస్టరు ఆ పని నాకు అప్పగించాడు. నా సంతకం ఉంటే ఎవరూ మరొకసారి చూడనక్కరలేదని ఆయన అందరి ముందూ అన్నాడు. నేను కాదనలేదు.

లెక్కలు ఇంత బాగా వచ్చినవాడికి అర్థశాస్త్రం దేనికని ఆయన్ని ఒకసారి అడిగాను. బడిలో ఆయనది ఎక్కువగా పుస్తకాల తెలుగు. ఆ జవాబు మాత్రం ఊరి భాషలో వచ్చింది: "మా అన్న ఏడాదంతా కొబ్బరి సెట్టెక్కుతాడు. కాయ ఎంతకిపోవాలో పూండిలో రైలు దిగినోడు సెప్తాడు. ఆడికి ఎవుడు సెప్తన్నాడో నాకు తెలియాల." ఇంత సూటిగా వచ్చిన కారణాన్ని పరీక్షించవలసిన అవసరం నాకు కనబడలేదు.

కాగితాలు ఊళ్లో ఉన్నాయి. ఒక ఆదివారం ఇద్దరం రైలెక్కి పూండిలో దిగి, ఇసుక బాట పట్టాం. దారి పొడుగునా ఆయన నాకు పది అడుగులు ముందు నడిచి, వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు పోతూ, నేను ఒకసారి నడిచిన దారిని రెండుసార్లు నడిచాడు.

అన్నగారు ఆయనకంటే పదేళ్లు పెద్ద. తండ్రి పోయాక చెట్లెక్కి తమ్ముణ్ణి చదివించిన మనిషి. అక్షరం రాదు. తమ్ముడి కాగితాలకు చెదలు పట్టకుండా తాటాకు చాపలో చుట్టి, తన చేత్తో పేనిన కొబ్బరి తాడుతో కట్టి, అటక మీద దాచాడు. మూడు కట్టలు దించి మా ముందు వరసగా పెట్టాడు. "ఇయి వంద, ఇయి వంద. ఇయి వంద నిండనియి" అన్నాడు.

నా చెయ్యి అలవాటుగా మొదటి కట్ట ముడి మీదికి పోయింది.

"ఏటి బాబూ, నా లెక్క మీద అనుమానమా?" అన్నాడు అన్నగారు, నవ్వుతూనే. "తోటలకి తోటలు లెక్కెట్టిన సెయ్యిది."

తమ్ముడు అప్పటిదాకా వాకిట్లో పచార్లు చేస్తున్నాడు. చటుక్కున ఆగి, "ఒగ్గీయండి మేష్టారూ. మా అన్న లెక్క తప్పదు" అన్నాడు. ఆ గొంతులో ఉన్నది నమ్మకం కాదు, అర్థింపు. ఇంత చేసిన మనిషిని తన ఎదుట ఎవరూ పరీక్షించడం ఆయన సహించలేడు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తీసుకుని, నా మనసుకు ఒక శాస్త్రీయ కారణం కూడా చెప్పుకున్నాను: నిండిన కట్ట నిండినదే, తప్పు జరిగే అవకాశం నిండని కట్టలోనే ఉంటుంది. మూడో కట్ట విప్పి మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ తొంభై ఆరు.

అన్నగారు మా ఇద్దరి ముఖాలూ చూసి, "సాల్తాయా?" అని అడిగాడు.

"సాల్తాయి అన్నా" అన్నాడు తమ్ముడు. అప్పటికే ఆయన కాళ్లు మళ్లీ కదలడం మొదలుపెట్టాయి.

తిరుగుదారిలో రెండు మైళ్లు ఆయన ఒక్కసారీ వెనక్కి రాకుండా ముందే నడిచాడు. పూండి స్టేషన్‌లో రైలుకు ఇంకా వ్యవధి ఉంది. ప్లాట్‌ఫారం ఆ చివరకూ ఈ చివరకూ నడుస్తూ, నా ముందుకు వచ్చినప్పుడల్లా ఒక్కొక్క ముక్క చొప్పున అడిగాడు. మూడు వందలని రాస్తే ఏమవుతుందన్నాడు. మద్రాసు నుంచి ఎవరూ వచ్చి అటకెక్కరన్నాడు. చివరకు నిలబడ్డాడు.

"నాలుగు గంటలు మేష్టారూ. రెండేళ్లు ఆ బెంచీ మీద కూర్చున్నాను. కూర్చోడం నాకెంత కష్టమో మీకు తెలుసు. మీరే గడియారం పట్టి చూశారు."

"జరగని నాలుగు గంటలను నేను పుట్టించలేను" అన్నాను. "సంఖ్య సంఖ్యే."

ఆయన పట్టాల వైపు తిరిగాడు. నేను అన్నది న్యాయమేనని, తానైనా పిల్లవాడి మార్కులు అలా దిద్దనని చెప్పాడు. రైలు వచ్చింది. పెట్టెలో ఖాళీ ఉన్నా టెక్కలి దాకా నిలబడే వచ్చాడు.

మర్నాడు నా చేత్తో, నా మంచి దస్తూరితో, "స్వయముగా లెక్కించి సరిచూచితిని: రెండు వందల తొంబదియారు" అని రాసి సంతకం చేశాను. తక్కువైన నాలుగు గంటలను మన్నించవలసిందని ఆయన వేరే కాగితం మీద ప్రార్థించుకున్నాడు. జవాబు కోసం వేచి ఉన్న వారాల్లో రావివలస బాట మీద ఆయన్ని చూడనివాడు లేడు.

ఉత్తరాన్ని తపాలా కచేరీ కిటికీ దగ్గరే నిలబడి చదువుకున్నాడట. నేరుగా ప్రయోగశాలకు వచ్చాడు. నేను పిల్లలకు ఏదో ఆమ్లం చూపిస్తున్నాను. ఆయన లోపలికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎవరూ చెప్పకుండా తనంతట తాను కూర్చోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"మన్నించరటండీ" అన్నాడు. ఉత్తరం మడిచి, "నాలుగు గంటలకి రెండేళ్లు" అన్నాడు.

నేను విచారం ప్రకటించాను. నియమం అన్నాక ఎక్కడో ఒకచోట గీత గీయాలని కూడా అన్నాను. ఇది ఎందుకు రాస్తున్నానంటే, అన్నాను కనుక.

ముప్పై రెండేళ్ల వయసులో ఉద్యోగం వదిలి, మన వైపు ఉన్న రెండేళ్ల కాలేజీలో ఇంటర్మీడియట్‌లో చేరాడు. తాను సూత్రాలు నేర్పిన పిల్లల పక్కన కూర్చుని అవే సూత్రాలు మళ్లీ విన్నాడు. కూర్చోలేదని, లెక్చరరు అనుమతితో వెనక గోడకు ఆనుకుని నిలబడే విన్నాడని ఆ పిల్లల్లో ఇద్దరు చెప్పారు. ఇద్దరూ విడివిడిగా చెప్పారు కనుక నమ్ముతున్నాను. బాగా ప్యాసయ్యాడు. మద్రాసులో సీటు వచ్చింది. టిక్కెట్టు కూడా కొన్నాడని చెప్పేవాళ్లున్నారు, చూసినవాళ్లు లేరు. చేరడానికి వారం ఉందనగా అన్నగారు చెట్టు మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఈయన ఊరికి వెళ్లాడు. ఆ తుంటి సరిగా అతకలేదు. అన్న వదిలిన చెట్టెక్కే మోకును తమ్ముడు అందుకున్నాడు. మద్రాసు మాట మరి ఎత్తలేదు.

తరవాత నెలకో రెండు నెలలకో టెక్కలి వచ్చినప్పుడు నా దగ్గరికి వచ్చేవాడు. చేతులు బరుసెక్కాయి, ఛాతీ మీద చెట్టు గీరిన చారలు పడ్డాయి, కాళ్ల తీరు మాత్రం మారలేదు. నా బల్ల చుట్టూ తిరుగుతూ ఈ గాజుబుడ్డి ఎత్తి, ఆ త్రాసు కదిపి, పూండిలో ఆ వారం ధర ఎవరు చెప్పారో, వాళ్లకు ఎవరు చెప్పారో తాను కట్టుకున్న ఊహలు వినిపించేవాడు. నేను ఆధారాలు అడిగేవాణ్ణి. లేవనేవాడు. ఆ రోజుల్లోనే పట్టుకుంది ఆయన్ని ఆ ప్రశ్న. వంద డిగ్రీలకు నీరు మరుగుతుందని నేను పిల్లలకు చెబుతుంటే గుమ్మంలోంచి "ఏ వంద?" అనేవాడు. హెడ్మాస్టరు వంద గజాల పరుగుపందెం అంటే "ఏ వంద?" అనేవాడు. అడిగి, తనలో తాను నవ్వుకునేవాడు. అది నన్ను గిల్లడానికే అనుకుని ఒకరోజు విసుక్కున్నాను.

"వంద ఒక్కటే ఉంది లోకంలో" అన్నాను.

ఆయన తిరగడం ఆపాడు. "మీకు ఒక్కటే మేష్టారూ. అదృష్టవంతులు" అని, చేతిలో ఉన్న సుద్దముక్కను రెండుగా విరిచి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

పోయిన వానాకాలం జ్వరంతో పోయాడు. నాకు తెలిసేసరికి పదిరోజులైంది. కార్యాలు అయ్యాక, తమ్ముడు తన కాగితాలు సైన్సు మేష్టారికి ఇమ్మన్నాడని అన్నగారు కబురు పంపాడు. వెళ్లాను. ఇసుక బాట మీద నాకు ముందూ వెనకా ఎవరూ లేరు.

అన్నగారు అరుగు మీద కర్ర పక్కన పెట్టుకుని తాడు పేనుతున్నాడు. మూడు కట్టలూ బయట పెట్టించాడు. ఈసారి తానే, "లెక్కెట్టుకోండి బాబూ" అన్నాడు. మొదటి కట్ట చేతికిస్తూ ముడిని బొటనవేలితో తడిమి, "ఈ ముడి నాది కాదు. తమ్ముడు ఎప్పుడో ఇప్పినట్టున్నాడు" అన్నాడు.

విప్పి లెక్కపెట్టాను. నూట నాలుగు వచ్చింది. చూపు మందగించిందనుకుని పదేసి చొప్పున అరుగు మీద పేర్చి మళ్లీ లెక్కపెట్టాను. నూట నాలుగు. రెండో కట్ట విప్పాను. నూట నాలుగు. రెండు కట్టల్లోనూ చివరి కాగితం వెనక పెన్సిలుతో, పైన మూయకుండా వదిలేసే ఆయన నాలుగుతో, 104 అని ఉంది. మరో మాట లేదు.

వంద కాయలు ఎలా లెక్కపెడతావో చూపించమని అన్నగారిని అడిగాను. ఈ ప్రశ్నేమిటన్నట్టు చూసి, అరుగు పక్కనున్న కుప్పలోంచి చేతికి రెండు చొప్పున నాలుగు కాయలు ఎత్తి పక్కన వేశాడు.

"ఇది పుంజీ. ఇలగ ఇరవయ్యైదు ఎయ్యాల." మళ్లీ నాలుగు ఎత్తాడు. "పైన కొసరు ఒక పుంజీ. ఇదెయ్యకపోతే వందెలగవుద్ది బాబూ?"

నిండని కట్టకు కొసరు వేయలేదేమని అడిగాను. "వంద నిండనిదానికి కొసరేటి?" అన్నాడు.

టెక్కలిలో మేము కాయలు రెండో మూడో కొనుక్కునేవాళ్లం. వందలు లెక్కించే చోట నేను ఎన్నడూ నిలబడలేదు. తమ్ముడు ఆ కుప్పల మధ్యే పుట్టాడు. కానీ గణితం రాసిన కాగితాలకు అన్న కొబ్బరికాయల కొలత వేసి ఉంటాడని ఆయనకూ తోచలేదు. అలా రెండు కట్టల్లో ఎనిమిది గంటలు తాడు లోపలే ఉండిపోయాయి. జరిగినవి మూడు వందల నాలుగు. మద్రాసు అడిగినదానికంటే నాలుగు ఎక్కువ. స్వయముగా లెక్కించితినని నేను సంతకం చేసినవాటిలో నేను లెక్కించింది తొంభై ఆరే. ఆ రెండేళ్లు పోకుండా ఉంటే, అన్నగారు చెట్టు మీద నుంచి పడేనాటికి తమ్ముడి బి.ఏ. పూర్తయి ఉండేది. ఇది ఊహ కాదు, తీసివేత.

ఆయన ఎప్పుడు లెక్కపెట్టాడో తెలిపే తేదీ ఆ కాగితాల మీద లేదు. తోటకు వచ్చి, అన్నతో కలిసి కాయలు లెక్కించడం మొదలుపెట్టిన తరవాతే అని నా ఊహ, "ఏ వంద?" అనడం అప్పుడే మొదలైంది. నాకెందుకు చెప్పలేదో తెలియదు. నాకు చెబితే అన్న చెవిన పడుతుందని కావచ్చు. నా సంతకం మీద నాకున్న గౌరవాన్ని చూసి జాలిపడి కావచ్చు. రెండింటికీ ఆధారం లేదు. పోతూ పోతూ కాగితాలు నాకే ఇమ్మన్నాడన్నది ఒక్కటే ఆధారం, దాన్ని ఎటు తూచాలో నాకు ఈ రోజుకీ తెలియదు.

అన్నగారు తాడు పేనడం ఆపాడు. "ఒక మాట అడుగుతాను బాబూ. మళ్లీ రెండేళ్లు అదే సదువు సదివినాడు గదా. ఈ కాయితాలు అప్పుడు సాల్నేదేటి? ఆణ్ణడిగితే సాలినాయి అన్నాడు గానీ నాకు నమ్మకం కుదర్నేదు. మీరు లెక్కెట్టినోరు. మీరు సెప్పండి."

నా చేతుల్లో రెండో కట్ట ఉంది. చివరి కాగితం వెనక్కి తిరిగి ఉంది.

"చాలాయి" అన్నాను. "కావలసినదానికంటే నాలుగు మిగిలాయి కూడా."

అన్నగారి ముఖం విప్పారింది. "మిగలాల మరి. నా సేత్తో ఎవులికీ తక్కువెట్నేదు బాబూ" అన్నాడు. నా ఒళ్లోంచి కట్టలు తీసుకుని, కాగితాల అంచులు మోకాలి మీద తట్టి సమం చేసి, రెండింటికీ తన ముడి తానే వేశాడు.

తరవాత మూడో కట్టను నా వైపు జరిపి, "ఇది ఇప్పరేటి?" అని అడిగాడు.

"అది అప్పుడే లెక్కపెట్టాను" అన్నాను.